పావురాలు కాపాడిన బొమ్మలు: కప్పదొకియ రాతి చర్చిలపై మీ ప్రశ్నలు

పోయిన సంచికలో టర్కీ నడిబొడ్డున, కప్పదొకియ అనే ప్రాంతంలో ఉన్న గోరెమె అనే ఊరి గురించి ఒక పేజీ రాశాం. మెత్తటి గుట్టల్ని లోపలికి తొలిచి చేసిన చర్చిలు, వాటి గోడల మీద బైజాంటిన్ (తూర్పు రోమన్) చక్రవర్తుల కాలంలో, అంటే వెయ్యేళ్ల కిందట వేసిన రంగుల బొమ్మలు, అదీ సంగతి. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వీసా గురించి అడిగినవాళ్లే ఎక్కువ, దానికి ఒక్క మాటలో చెప్పేసి ముందుకు పోతా: చేతిలో చెల్లుబాటయ్యే అమెరికా, బ్రిటన్ లేదా షెంజెన్ వీసా ఉన్నవాళ్లకి టర్కీ ఈ-వీసా సులువు, లేనివాళ్లు వీసా సెంటర్‌లో అప్లై చేసుకుని స్టిక్కర్ వీసా వేయించుకోవాలి. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఫ్లైట్ బుక్ చేసేముందు ఒకసారి చూసుకోండి. ఇక అసలు ప్రశ్నలు.

మా అమ్మ చిన్నప్పటి నుంచి బైబిల్లో కప్పదొకియ అని చదువుతూనే ఉంది, అది ఇప్పుడు టర్కీలో ఉందని మీ పత్రిక చూసేదాకా తెలీదట. తీసుకుపొమ్మని ఒకటే పోరు. అక్కడ ప్రార్థన చేసుకోనిస్తారా? ఆమెకి మోకాళ్ల నొప్పులు, తిరగగలదా?
*ఒక పాఠకురాలు, మిర్యాలగూడ*

అమ్మగారు చదివింది ఆ ఊళ్ల గురించేనండి. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో పెంతెకొస్తు రోజు యెరూషలేములో ఉన్నవాళ్ల లిస్టులో కప్పదొకియవాళ్లున్నారు, పేతురు మొదటి పత్రిక మొదటి వచనంలో కూడా ఆ పేరుంది. నాలుగో శతాబ్దంలో క్రైస్తవ సన్యాసులకు నియమాలు రాసిపెట్టిన బాసిల్ అనే బిషప్ కూడా ఇక్కడివాడే, ఆయన ఊరు ఇవాళ్టి కైసెరి, మీ విమానం దిగేది బహుశా అక్కడే. అయితే అమ్మగారికి ముందే చెప్పండి, ఇప్పుడు చూడబోయే చర్చిల్లో చాలావరకు పది, పదకొండో శతాబ్దాల్లో తొలిచినవి. పేతురు పత్రికకీ వీటికీ మధ్య దాదాపు తొమ్మిదివందల ఏళ్లు. ముందే చెప్పకపోతే పేతురు నడిచిన గడప ఇదేనా అని అడుగుతారు, గైడు కూడా టిప్పు కోసం అవునంటాడు.

ప్రార్థన సంగతి. గోరెమెలోని ఈ చర్చిల గుంపు ఇప్పుడు మ్యూజియం, ఆరాధనలు జరగవు. ఒక పక్కన నిలబడి మనసులో చేసుకుంటే ఎవరూ అడ్డు చెప్పరు గాని గ్రూపుగా పాట ఎత్తుకోవడానికి అక్కడ చోటూ ఉండదు, వెనకాల లైనూ ఆగదు. ఈ ప్రాంతంలో గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు 1923 దాకా బతికారు. ఆ ఏడాది స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రీసు, టర్కీ ఒప్పందం చేసుకుని ఇక్కడి క్రైస్తవుల్ని అక్కడికి, అక్కడి ముస్లింలను ఇక్కడికి మార్చేశాయి. వెళ్లిపోయినవాళ్లలో చాలామందికి ఇంట్లో మాట్లాడే భాష టర్కీయే, గ్రీకు ముక్క రాదు, అయినా మతాన్ని చూసి పంపేశారు. వాళ్లు పోయాక దీపం పెట్టేవాళ్లు లేకుండా పోయారు.

మోకాళ్ల గురించి. మ్యూజియం ఏటవాలుగా ఉంటుంది, మెట్లున్నాయి, అందరూ చెప్పుకునే చీకటి చర్చికి ఇరుకైన వంకర దారిలో ఎక్కాలి. అమ్మగారికి మొదట తొకాలి చర్చి చూపించండి, రోడ్డు పక్కనే ఉంటుంది, అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా అందమైనది కూడా అని నా లెక్క. ఓపిక మిగిలితే మిగతావి. డెరింకుయు అనే భూగర్భ నగరానికి మాత్రం తీసుకుపోవద్దు, దాదాపు 85 మీటర్ల లోతు అంటారు దాన్ని, వంగి వంగి నడవాలి, మధ్యలో వెనక్కి తిరుగుదామంటే ఎదురుగా వచ్చేవాళ్లు దారి ఇవ్వలేరు.

ఇంకోటి, డబ్బు కట్టేముందు అడగండి. మన దగ్గర అమ్మే ‘ఏడు సంఘాల’ (బైబిల్ ప్రకటన గ్రంథంలోని ఏడు ఊళ్ల సంఘాలు) టర్కీ ప్యాకేజీలు ఎఫెసు, స్ముర్న, పెర్గము, లవొదికయ అంటూ పడమటి వైపే తిప్పుతాయి. కప్పదొకియ ఆ ఏడింటిలో లేదు. టర్కీ అన్నారు కదా అని డబ్బు కట్టి, అక్కడికి పోయాక అడిగితే బస్సు రూటు మారదు.

మాది వడ్డెర కుటుంబం, తాతల కాలం నుంచి రాయి పనే. గుట్టను లోపలికి తొలిచి స్తంభాలు కూడా నిలబెట్టారని రాసిన్రు. అట్ల తొలిస్తే పైన బరువు ఎట్ల ఆగింది? మన గుట్టల్ల ఎవరూ ఎందుకు తొలవలే?
*ఒక పాఠకుడు, మక్తల్*

ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూశాను అన్నా. ఫొటోలు చూసి అబ్బా అన్నవాళ్లే గాని రాయి ఏమిటి అని అడిగినవాళ్లు లేరు.

అది మన రాయి కాదు. ఎర్జియెస్, హసన్ అనే అగ్నిపర్వతాలు, ఇంకొన్ని, లక్షల ఏళ్లు బూడిద కక్కితే ఆ బూడిద పొరలు పొరలుగా పడి గట్టిపడి రాయైంది. టఫ్ అంటారు దాన్ని. గోటితో గీస్తే పొడి రాలుతుంది, గీయొద్దు, కాని రాలుతుంది. తొలిచేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక పైపొర కాస్త బిగుస్తుంది. పికాసు ఉన్న మనిషికి కొన్ని వారాల్లో ఒక గది తయారవుతుంది. మన దేవరకొండ, రాచకొండ, భువనగిరి అంతా గ్రానైట్, మీ తాతలకి తెలుసు సమ్మెట ఎన్నిసార్లు ఎగిరిపడితే ఒక చీల దిగేదో. గ్రానైట్‌ని లోపలికి తొలిచి గుడి చేయడం కన్నా బండలు చీల్చి బయట పేర్చుకోవడం వెయ్యి రెట్లు నయం, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం అలాగే లేచింది. లోపలికి తొలిచిన పెద్ద పని చూడాలంటే మన తెలుగువాళ్లకి ఉండవల్లి ఉంది, అది ఇసుకరాయి కాబట్టే.

బరువు సంగతి ఇంకా చిత్రం. ఆ స్తంభాలు బరువు మోయవు. గుట్ట అంతా ఒకే ముక్క, మధ్యలో ఖాళీ చేశారు, అంతే. స్తంభం, విల్లులా వంగిన ఆర్చి, పైన గుమ్మటం, ఇవన్నీ బయట ఇటుకతో, రాతితో కట్టే చర్చిలో ఉంటాయి కాబట్టి ఇక్కడా ఉన్నట్టు చెక్కారు. దేవుడి ఇల్లు అంటే అలాగే ఉండాలని వాళ్ల లెక్క. అందుకే కొన్ని చర్చిల్లో స్తంభం కింది సగం విరిగిపోయి, పై సగం కప్పు నుంచి కిందికి వేలాడుతూ ఉంటుంది, కింద పట్టుకునేది ఏమీ లేదు. మొదటిసారి చూసినవాడు ఒక అడుగు వెనక్కి వేస్తాడు. మేస్త్రీ అయితే నవ్వుతాడు.

పని మాత్రం పైనుంచి కిందికే. ముందు కప్పు, గుమ్మటం పూర్తి చేసుకుని, నిలబడ్డ నేలనే తవ్వుకుంటూ దిగడం. పరంజా ఖర్చు లేదు. పూత ఊడిన గోడ దగ్గర పక్కకి నిలబడి చూస్తే పికాసు దెబ్బలు వరసగా ఏటవాలుగా కనబడతాయి, కుడిచేతివాడో ఎడమచేతివాడో మీలాంటివాళ్లు చెప్పేయగలరు. తప్పు తవ్వితే మాత్రం అతికించడానికి లేదు. ఒకవైపు గోడ కాస్త వంకర పోయిన చర్చిలు ఉన్నాయి, వాటిని చూస్తే నాకు మిగతావాటి కన్నా ఎక్కువ ప్రేమ.

గ్రూప్స్‌కి చదువుతున్నాను. విగ్రహ నిషేధం టైంలో ఆ బొమ్మల కళ్లు పొడిచేశారని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?
*ఒక విద్యార్థిని, నాగర్‌కర్నూల్*

కాదమ్మా. తారీఖులు పక్కపక్కన పెట్టి చూడు, నీకే తెలుస్తుంది. బైజాంటిన్ చక్రవర్తులు బొమ్మలకు మొక్కొద్దని నిషేధం పెట్టింది ఎనిమిదో శతాబ్దంలో, అది పూర్తిగా ఎత్తేసింది 843లో. గోరెమెలో మనం చూసే పెద్ద బొమ్మలు పది, పదకొండో శతాబ్దాలవి. వేయని బొమ్మకి కళ్లెవరు పొడుస్తారు?

గీకినవాళ్లు ఆ తర్వాతి కాలాలవాళ్లు, ఒకళ్లు కాదు, ఒక కాలంలో కాదు. మనిషి చెయ్యి అందే ఎత్తుదాకా మొహాలు పోయాయి, పైన గుమ్మటంలో క్రీస్తు మొహం చెక్కుచెదరకుండా ఉంది, ఎందుకంటే నిచ్చెన వేసుకుని గీకేంత ఓపిక ఎవరికీ లేదు. కింది వరసల్లో పేర్లు చెక్కి ఉంటాయి, గ్రీకు అక్షరాల్లో కొన్ని, తర్వాతి భాషల్లో కొన్ని. మన భువనగిరి గుట్ట మీద బాణం గుర్తు వేసిన గుండెకాయలు గుర్తొచ్చాయి నాకు.

ఆ వీడియోల్లో ఇంకో మాట కూడా వింటావు. సెయింట్ బార్బరా అని ఒక చిన్న చర్చి ఉంది, అందులో రాతి మీద నేరుగా ఎర్రమట్టి రంగుతో శిలువలు, గళ్లు, ఒక పురుగులాంటి వింత జీవి, ఇలాంటివే ఎక్కువ, మనుషుల బొమ్మలు తక్కువ. ఎర్ర గీతలు కనబడగానే ఇది నిషేధం నాటిదే అనేస్తారు. దాన్ని కూడా 11వ శతాబ్దానిదే అంటారు పండితులు. యాపిల్ చర్చి అని ఇంకోటి ఉంది, అక్కడ బొమ్మల పూత పెచ్చులూడిన చోట లోపల ఇవే ఎర్ర శిలువలు కనబడతాయి. చర్చి తొలవగానే ముందు మేస్త్రీలే ఎర్రమట్టితో గుర్తులు వేసుకుని శుద్ధి చేసుకునేవాళ్లు, తర్వాత ఎవరైనా దాత డబ్బిస్తే గడ్డి కలిపిన పూత పూయించి, బొమ్మలేసేవాళ్లని పిలిపించేవాళ్లు అనుకుంటే లెక్క సరిపోతుంది. పరీక్షలో ఈ ప్రశ్న రాదులే, కాని వీడియోలో చెప్పిందల్లా నోట్స్‌లో ఎక్కించుకోకు.

పావురాలు బొమ్మల్ని కాపాడాయని రాశారు. మా అపార్ట్‌మెంట్ బాల్కనీ చూస్తే ఆ మాట అనరు సార్.
*ఒక పాఠకుడు, సూర్యాపేట*

నవ్వొచ్చింది. మీ బాధ నిజమే, పావురం రెట్ట దేనికీ మంచిది కాదు, రాతికీ కాదు. కాపాడింది రెట్ట కాదు, మూసిన తలుపు.

ఆ ప్రాంతంలో ద్రాక్షతోటలు ఎక్కువ, నేల బూడిద నేల, ఎరువు కావాలి. రైతులు ఏం చేశారంటే, జనం లేని చర్చిలు, మఠాల గదుల వాకిళ్లను రాళ్లతో మూసేసి, పావురాలు దూరేంత కంతలు మాత్రం వదిలారు. ఏడాదికోసారి కింద చిన్న సందు తెరిచి రెట్ట ఎత్తుకుపోయేవాళ్లు. మిగతా రోజులన్నీ చీకటే. ఎండ పడదు, వాన కొట్టదు, పిల్లలు దూరరు, పేర్లు చెక్కేవాళ్లు రారు. చీకటి చర్చి 1950ల దాకా ఇలా పావురాల గూడుగానే ఉంది. దానికి అసలే ఒక చిన్న కిటికీ తప్ప వెలుగు లేదు. తర్వాత లోపల పట్టిన రెట్టంతా ఏళ్ల తరబడి మెల్లగా గీకి తీస్తే కింద నీలం, ఎరుపు నిన్న వేసినట్టు బయటపడ్డాయి. దానికి వేరే టికెట్ పెట్టడం కూడా అందుకే, జనం తగ్గితేనే ఊపిరి తేమ తగ్గుతుంది.

ఫొటోలు తీయనివ్వరట కదా! అంత దూరం పోయి ఫొటో కూడా లేకపోతే ఏం లాభం?
*ఒక పాఠకుడు, వనపర్తి*

చర్చిల లోపల తీయనివ్వరు, బయట గుట్టల్ని ఎన్నైనా తీసుకోండి. లాభం అంటారా, ఫోన్ జేబులో పెడితే బొమ్మ కనబడుతుంది, అదే లాభం. చీకటి చర్చిలోకి ఎండలోంచి అడుగుపెట్టినప్పుడు ఏమీ కనబడదు. చాలామంది అప్పుడే చుట్టూ ఒకసారి తిరిగి ‘బాగుంది, పదండి’ అని బయటపడతారు. రద్దీగా ఉంటే గార్డు తొందరపెడతాడు, అయినా ఆయన చెప్పేదాకా కదలకండి. కళ్లు అలవాటయ్యాక ముందు నీలం తెలుస్తుంది, తర్వాత మొహాలు, ఆ తర్వాత గుడ్డల మడతలు. కడరా భోజనం (శిష్యులతో క్రీస్తు చివరి భోజనం) బొమ్మలో బల్ల మీద పళ్లెంలో పెద్ద చేప ఉంటుంది చూడండి. క్రీస్తు పాతాళానికి దిగి ఆదామును బయటికి లాగే బొమ్మలో చెయ్యి పట్టుకోడు, మణికట్టు పట్టుకుంటాడు. మునిగిపోతున్నవాణ్ని లాగేటప్పుడు మనం పట్టుకునేది కూడా అక్కడే. ఈ రెండూ చూశాక నాకు మిగతా చర్చిలు తిరగాలనిపించలేదు, నిజం చెప్తున్నా.

ఈ బొమ్మల విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో మన దగ్గరి కథ ఒకటి చెప్తే అర్థమవుతుంది. మంచి చేయబోయి చెరిపిన కథ. అజంతా ఒకప్పుడు మన నిజాం రాజ్యంలోనే ఉండేది. 1920లో నిజాం సర్కారు బొమ్మలు రాలిపోతున్నాయని ఇటలీ నుంచి చెక్కోని అనే నిపుణుణ్ని రప్పించింది, గులాం యజ్దానీ సాబ్ పురావస్తు శాఖ చూసుకుంటున్న రోజులు. వాళ్లు రాలుతున్న పెచ్చుల్ని అతికించి నిలబెట్టారు, ఆ పుణ్యం వాళ్లదే. దాంతోపాటు లక్క వార్నిష్ కూడా పూశారు, అది ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడి, నల్లబడి బొమ్మల్ని మసకబార్చింది. తర్వాత దాన్ని తీయడానికి దశాబ్దాలు పట్టింది. నిపుణుడు ప్రేమగా చేసిన పనికే అంత అయితే, రోజూ వేలమంది ఊపిరి, చెమట, చేతులు ఏం చేస్తాయో ఊహించండి.

టర్కీ మా వల్ల కాదు. దగ్గర్లో ఇలాంటిది ఏమైనా ఉందా?
*కొందరు పాఠకులు, దేవరకొండ, కల్వకుర్తి, హాలియా*

బైజాంటిన్ బొమ్మలు మన దేశంలో లేవు. కేరళ అంగమాలి పాత చర్చిలో స్వర్గం, నరకం గోడ బొమ్మలున్నాయి, అవి వేరే కాలం, వేరే చెయ్యి, అయినా చూడదగ్గవి. రాతిని తొలిచి, లోపల రంగులు వేసింది చూడాలంటే అజంతానే. సోమవారం మూసేస్తారు. 1, 2, 16, 17 గుహల మీద టైం పెట్టండి, అన్నీ చూడాలని పరిగెత్తితే ఏదీ చూడరు.

ఇంకా దగ్గర అంటే సూర్యాపేట పక్కన పిల్లలమర్రి. పాలమూరు మర్రిచెట్టు కాదండోయ్, ఆటోవాడికి కూడా ‘గుళ్లు’ అని చెప్పండి. పదమూడో శతాబ్దం మొదట్లో కాకతీయుల సామంతులు రేచెర్ల రెడ్లు కట్టించిన ఆలయాలు. నల్లరాతి స్తంభాల నునుపు చూసి అందరూ తిరిగొచ్చేస్తారు, నామేశ్వరాలయంలో పైన దూలాల వైపు తలెత్తి చూస్తే కాకతీయుల కాలం రంగుల ఆనవాళ్లు ఉన్నాయి. క్షీరసాగర మథనం బొమ్మ అది. పెద్దగా ఏమీ మిగల్లేదు, పొద్దున వెలుగులో పోతేనే తెలుస్తుంది. దయచేసి ఫోన్ టార్చ్ వేసి, కర్రతో చూపించి, ‘ఇదిగో ఇక్కడ’ అని గోడకి ఆనించకండి.

కంపెనీ పని మీద ఇస్తాంబుల్ పోతున్నా. అక్కడి నుంచి ఒక్కరోజు వీలవుతుంది. ఏం చూడాలి? బెలూన్ ఎక్కాలా?
*ఒక పాఠకుడు, నల్లగొండ నుంచి హైదరాబాద్‌లో స్థిరపడ్డవారు*

ఒక్కరోజంటే బెలూన్ మీద ఆశ పెట్టుకోకండి. తెల్లవారుజామున గాలి బాగోలేకపోతే అధికారులు అన్ని బెలూన్లనీ ఆపేస్తారు, మీకున్నది ఆ ఒక్క పొద్దునే అయితే అంతే సంగతులు. రెండు పొద్దులు దొరికితే మొదటిదానికి బుక్ చేసుకోండి, తప్పితే రెండోది ఉంటుంది. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్, అక్టోబర్ మంచివి. చలికాలంలో మంచు పడుతుంది, ఫొటోలకి బాగుంటుంది, మన నల్లగొండ ఎండల్లో పెరిగిన ఒంటికి మాత్రం నరకం. తిండికి టెన్షన్ లేదు, ఎర్రపప్పు సూపు, పలచటి రొట్టెలో ఆకుకూర పెట్టి కాల్చిచ్చే గోజ్లెమె, ఉప్పు వేసిన మజ్జిగ ఎక్కడైనా దొరుకుతాయి.

గోరెమె ఊరి నుంచి మ్యూజియం కిలోమీటరున్నర ఎత్తుపల్లాల దారి, నడవొచ్చు. గేటు తెరిచే టైంకే చేరుకుని ముందు చీకటి చర్చికి వెళ్లండి, టూరు బస్సులు వచ్చాక అక్కడ నిలబడలేరు. తర్వాత పాముల చర్చి అనే చోట ఒక్క నిమిషం ఆగండి, జార్జి, థియోడోర్ అనే వీరసాధువులు గుర్రాల మీంచి పామును పొడుస్తుంటారు, ఆ పక్కనే కాన్‌స్టంటైన్ చక్రవర్తి, ఆయన తల్లి హెలెనా శిలువ పట్టుకుని నిలబడి ఉంటారు. బొమ్మ పనితనం అంత గొప్పదేం కాదు, ఏదో ఊరి చిత్రకారుడి చెయ్యిలా ఉంటుంది, అందుకే ముద్దొస్తుంది.

మిగిలిన టైం మొత్తం తొకాలి చర్చికి ఇచ్చేయండి. ఇది మ్యూజియం గేటు లోపల ఉండదు, బయటికొచ్చి ఊరివైపు దిగే రోడ్డు పక్కన ఉంటుంది, అందుకే సగం మంది చూడకుండా బస్సెక్కేస్తారు. దీనికి వేరే టికెట్ అక్కర్లేదు, మ్యూజియం టికెటే చూపిస్తే చాలు. ముందు భాగం పదో శతాబ్దం మొదట్లో తొలిచిన పాత చర్చి, సొరంగంలా గుండ్రటి కప్పు, దాని మీద క్రీస్తు జీవితకథ మన చేర్యాల పటంలాగా వరసలు వరసలుగా, ఒక బొమ్మ తర్వాత ఒకటి నడుస్తుంది. తర్వాతి తరంవాళ్లకి ఆ చర్చి చాల్లేదు. దాని వెనక గోడను, బలిపీఠం ఉన్న భాగాన్ని పగలగొట్టి గుట్టలో ఇంకా లోపలికి పెద్ద హాలు తొలిచారు, పాతది వాకిలి అయిపోయింది. ఆ కొత్త హాల్లో గోడలన్నీ ముదురు నీలం. లాపిస్ లాజులి రాయి నూరి చేసిన రంగు అది, ఆ రాయి ఆ రోజుల్లో అఫ్గానిస్తాన్ బదక్షాన్ గనుల నుంచి రావాలి, అంటే ఎక్కడో గుట్టల మధ్య ఉన్న ఒక చర్చి కోసం ఎవరో బాగా ఉన్నవాళ్లు బాగానే ఖర్చుపెట్టారన్నమాట. వరసగా చెక్కిన స్తంభాల వెనక సన్నటి నడవా ఉంటుంది, అక్కడికి పోయి వెనక్కి తిరిగి చూడండి. గైడు బయట నుంచి టైం అయిందని అరుస్తుంటాడు, వాళ్లని కాసేపు టీ తాగమనండి.